నాలుగు బల్లల మంగతాయారు

ఎర్రగుంట అడ్డరోడ్డు,
మాచర్ల దగ్గర,
జూన్ 12.

నరసరావుపేట శ్రీ కోటేశ్వర సిమెంట్ వర్క్స్ యజమాని బాబూరావు గారికి,

చెన్నకేశవరావు నమస్కరించి రాసేది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరూ క్షేమమని అనుకుని అసలు విషయానికి వస్తాను. ఈ వయసులో ఉపోద్ఘాతాలు రాసే ఓపిక లేదు.

నేను బస్సు కండక్టరుగా ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. నా భార్య మంగతాయారు పోయిన శ్రావణంలో కాలం చేసింది. ఆగస్టు పదమూడున సంవత్సరీకం. ఆ రోజుకల్లా మా అడ్డరోడ్డు మీద, బస్సు ఆగేచోట, ఆమె పేరున ఒక సిమెంటు బల్ల వేయించాలని నా కోరిక. అక్కడ కూర్చోవడానికి ఇంతవరకు ఏమీ లేదు. ఒక కిలోమీటరు రాయి ఉంది గానీ దాని మీద శివరామయ్య గారి మేక కూర్చుంటుంది. మంగతాయారు ఆ ఎండలో ఏళ్ళ తరబడి నిలబడి బస్సు కోసం చూసింది. మోకాళ్ళు అరిగిపోయి ఆఖరి రెండేళ్ళు అసలు నిలబడలేకపోయింది. ఇప్పుడు బల్ల వేయిస్తున్నాను. ఆలస్యమైందని నాకు తెలుసు, తమరు చెప్పనక్కర్లేదు.

బల్ల వెనక పలక మీద ఇలా ఉండాలి: "కీ.శే. గోనుగుంట మంగతాయారు గారి జ్ఞాపకార్థం, భర్త చెన్నకేశవరావు." అందరి బల్లల మీదా అక్షరాలు కోసిన రేకు పెట్టి నల్లరంగు కొడతారు చూడండి, ఆ అక్షరాలే చాలు.

ఫోన్ చేయవద్దు. నా చెవులు బస్సు మోతలోనే వదిలేసి వచ్చాను. ఉత్తరం రాయండి. మాచర్ల–నరసరావుపేట బస్సులో గౌసియా అని కండక్టరు ఉంది, నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. ఆమె చేతికి కవరిస్తే అడ్డరోడ్డు దగ్గర నాకు అందిస్తుంది.

ఇట్లు,
బస్సు వచ్చే వేళకు రోడ్డు మీద నిలబడి ఉండే
గోనుగుంట చెన్నకేశవరావు

తా.క. బల్ల ఒక్కటే. లోకంలో ఏ మాటైనా చేతులు మారేసరికి రెండవుతుంది కనుక విడిగా రాస్తున్నాను.


నరసరావుపేట,
జూన్ 19.

గౌరవనీయులైన చెన్నకేశవరావు గారికి,

నమస్కారాలు. నేను బాబూరావు గారి అమ్మాయిని, సాయిసాత్విక. "అక్షరాల సంగతి ఇక నువ్వు చూసుకో అమ్మా, నాకు కళ్ళు ఆనటం లేదు" అని నాన్న మీ ఉత్తరం నా ముందు పడేసి వెళ్ళారు.

నేను మొన్నటిదాకా హైదరాబాదులో అక్షరాలు గీసే ఉద్యోగం చేశాను. అక్షరాలు గీయడానికి ఒక ఉద్యోగమా అని మీకు అనిపించవచ్చు. మా కంపెనీ వాళ్ళకు కూడా ఒకరోజు అదే అనిపించింది. మర్నాడు నేను పేటకు వచ్చేశాను.

మా పాత రేకులు తుప్పు పట్టి ఉన్నాయి. ఆ అక్షరాలు చూసీ చూసీ నాకు కూడా తుప్పు పట్టింది. అందుకని మీకు ఒక సంగతి చెబుతాను, నచ్చకపోతే ఊరుకోండి. పద్నాలుగు నెలలు కూర్చుని నేను కొత్త తెలుగు ఫాంటు ఒకటి తయారుచేశాను. పేరు "దిగంత". అక్షరాలు బాగా వెడల్పుగా ఉంటాయి. స్కేలు, కంపాసు పెట్టి గీసినట్టు తిన్నని గీతలు, నిండు సున్నాలు. తోకలు లేవు, ఒంపులు లేవు, ఒకచోట లావు ఒకచోట సన్నం లేదు. ఇంకో యాభై ఏళ్ళకు రాకెట్ మీద తెలుగులో పేరు రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. వేగంగా పోయే బస్సులోంచి కూడా చదవవచ్చు.

ఇంతవరకు ఎవరూ వాడలేదు. ఫ్లెక్సీల వాళ్ళకు చూపిస్తే "ఇయ్యి చోటు చానా తింటయ్ మేడం" అన్నారు. ఒక శుభలేఖకు తీసుకున్నారు గానీ, వరుడి పేరుకే కార్డు నిండిపోయింది. వధువు తరఫువాళ్ళు వచ్చి గొడవ పెట్టుకున్నారు. మీరు ఒప్పుకుంటే మీ బల్లే దీనికి మొదటి పని. రంగు కూడా కాదు, అక్షరాలు సిమెంటులోనే ఉబ్బెత్తుగా పోస్తాం. వందేళ్ళు ఉంటాయి.

అసలు సైజులో నమూనా కాగితం పంపుతున్నాను.

ఇట్లు,
ఎవరైనా "సరే" అంటే బాగుండునని చూస్తున్న
సాయిసాత్విక

తా.క. పెద్ద కాగితమే తీసుకున్నాను. అయినా "మంగ" వరకే పట్టింది. మిగతాది దయచేసి ఊహించుకోండి.


ఎర్రగుంట అడ్డరోడ్డు,
జూన్ 27.

చిరంజీవి సాత్వికకు ఆశీస్సులు.

నీ నమూనా జాషువా టీ బంకు దగ్గర విప్పాను. అక్కడ విప్పడం నాదే తప్పు. జాషువా టీ వడపోస్తూ చూసి "ఏంది పెదనాన్నా ఇది, కరెంటోళ్ళ మ్యాపా?" అన్నాడు. మేకగల శివరామయ్య దాన్ని తలకిందులు చేసి, "ఇది ఇంటి ప్లానురా. ఇది హాలు, ఇది వంటిల్లు. మరి బాత్రూమ్ ఏదీ?" అన్నాడు.

నేను మాత్రం చదివాను. మంగ అని ఉంది. ఆ పేరుతో ఆమెను ఈ భూమ్మీద నేనొక్కణ్ణే పిలిచేవాణ్ణి, అదీ ఇంట్లో, ఎవరూ లేనప్పుడు. టీ బంకు దగ్గర జానెడేసి అక్షరాల్లో చూసేసరికి నాకు ఎటో అయిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

అక్షరాలు బాగున్నాయో లేదో చెప్పేటంత చదువు నాకు లేదు. శుభ్రంగా ఉన్నాయి. కానీ అమ్మాయీ, ఒక్కొక్కటి కాళ్ళు బారచాపుకొని కూర్చుంది. నా బస్సులో ఎవరైనా ఇలా కూర్చుంటే ఊరుకునేవాణ్ణి కాదు. "జరగండమ్మా, జరగండి, ముగ్గురి సీట్లో నలుగురు, లోపలికి జరగండి" అనడమే నా ఉద్యోగం. కోటప్పకొండ తిరునాళ్ళకు యాభై సీట్ల బస్సులో నూట ఇరవై మందిని ఎక్కించినవాణ్ణి నేను. లెక్కబెట్టాను, మొత్తం ఇరవై ఆరు అక్షరాలు. ఇరవై ఆరు అక్షరాలను ఒక బల్ల మీద ఎక్కించలేవా? కాస్త దగ్గర దగ్గరగా సర్దు. అన్నీ సర్దుకుంటాయి. సర్దుకోనిది ఈ లోకంలో నేను చూడలేదు.

ఒక్క అక్షరం కూడా దింపడానికి వీల్లేదు. ఆమె పేరు పూర్తిగా ఉండాలి. మొదటి పని అన్నావు కనుక కాదనలేకపోతున్నాను. నేనూ మొదటి రోజు డ్యూటీలో గురజాల వాళ్ళకు పిడుగురాళ్ళ టికెట్లు కొట్టాను. తిట్టారు గానీ దింపేయలేదు.

ఇట్లు,
సర్దుకుపోవడం అలవాటైన
చెన్నకేశవరావు

తా.క. శివరామయ్య ఇంకా బాత్రూమ్ కోసం అడుగుతున్నాడు.


నరసరావుపేట,
జులై 5.

చెన్నకేశవరావు తాతగారికి నమస్కారాలు.

రెండు రోజులు సర్దాను. మీరు చెప్పినట్టే దగ్గర దగ్గరగా జరిపాను, సన్నగా నొక్కాను, ఎత్తు తగ్గించాను. చివరికి చూస్తే ఏ అక్షరం ఏదో నాకే తెలియలేదు. తిరునాళ్ళ బస్సు దిగిన జనంలాగా అయ్యాయి పాపం. ఈ అక్షరాలు జరగవు తాతగారూ. వెడల్పే వాటి ప్రాణం.

బల్ల పొడవు ఆరడుగులు. ఒక్కో అక్షరం తొమ్మిది అంగుళాలు. ఎంత లెక్క వేసినా బల్లకు ఎనిమిదికి మించి ఎక్కవు. అందుకని నాకు ఒకటి తోచింది. జనం ఎక్కువైతే ఇంకో బస్సు వేస్తారు కదా? మనం ఇంకో బల్ల వేద్దాం. పక్కపక్కనే వరసగా నాలుగు. మొదటి దాని మీద "కీ.శే. గోనుగుంట", రెండో దాని మీద "మంగతాయారు", మూడో దాని మీద "గారి జ్ఞాపకార్థం", నాలుగో దాని మీద "చెన్నకేశవరావు". రోడ్డు మీద పోతూ ఒక్క చూపులో చదివేయవచ్చు. రెండో బల్ల నుంచి ఖర్చు మాదే, నా అక్షరాల కోసం. నాన్నకు ఇంకా చెప్పలేదు.

"భర్త" అనే రెండక్షరాలకు మాత్రం చోటు చాలలేదు. మీరు ఆమెకు ఏమవుతారో ఊరందరికీ తెలుసు కదా అని తీసేశాను.

పోసిన తర్వాత పదిహేను రోజులు నీళ్ళు పట్టాలి. మీ సంవత్సరీకానికి అందాలంటే వచ్చే వారమే మొదలుపెట్టాలి. శనివారంలోగా వద్దని మీ కబురు రాకపోతే సరే అన్నట్టే తీసుకుంటాను.

ఇట్లు,
వేళ్ళకు సిమెంటు, కళ్ళకు కంప్యూటరు అంటుకుపోయిన
సాయిసాత్విక

తా.క. ఇప్పుడే నాన్నకు చెప్పాను. లేచి వెళ్ళి ఎండలో కూర్చున్నారు.


ఎర్రగుంట అడ్డరోడ్డు,
ఆగస్టు 2.

అమ్మా సాత్వికా,

నేను బతికే ఉన్నాను. ముందు ఆ సంగతి మీ నాన్నకు కూడా చెప్పు.

జులై ఐదున నువ్వు రాసిన ఉత్తరం నిన్న అందింది. కవరు తీసుకున్న మర్నాడే గౌసియా తన అక్క కూతురి పెళ్ళికని సెలవు పెట్టింది. నీ కవరు ఆమె డ్యూటీ సంచిలో నెల రోజులు పడుకుని ఉంది. జవాబు రాకపోతే పని జరుగుతోందేమో అనుకుని నేనూ ఊరుకున్నాను.

మొన్న పొద్దున నేను మాచర్లలో పన్ను పీకించుకోవడానికి వెళ్ళాను. అదే సమయానికి మీ ట్రాక్టరు వచ్చి రెండు బల్లలు దింపిపోయిందట. మొదటిదీ, నాలుగోదీ. డ్రైవరు మంచివాడు, రెండే ఉన్నాయి కదా అని దగ్గరికి జరిపి పక్కపక్కనే పెట్టి వెళ్ళాడు. ఇప్పుడు ఆ రెండూ కలిపి చదువు తల్లీ.

"కీ.శే. గోనుగుంట చెన్నకేశవరావు."

వేగంగా పోయే బస్సులోంచి కూడా చదవవచ్చు అన్నావు. చదివారు. మాచర్ల నుంచి పిడుగురాళ్ళ దాకా ప్రతి బస్సులోనూ చదివారు. మధ్యాహ్నానికి నా పాత స్నేహితులందరికీ తెలిసిపోయింది, నాకు తప్ప.

నేను ఆటో దిగేసరికి జాషువా బంకు మూసేసి ఉన్నాడు. ముప్పై ఏళ్ళలో ఎవరు పోయినా మూయలేదు వాడు, కాబట్టి కాస్త సంతోషం కూడా వేసింది. నన్ను చూసి కెవ్వున అరిచాడు. నేనేమో నోట్లో దూది కుక్కుకుని ఉన్నాను, మాట రాదు. చేతులు ఊపాను. దాంతో ఇంకా భయపడ్డాడు. శివరామయ్య నన్ను పైనుంచి కిందికి చూసి, "సిమెంటులో పోసినాక ఎట్టా కాదంటావు చెన్నకేశవా? కాయితం అయితే ఏదోలే అనుకోవచ్చు" అని వాదనకు దిగాడు. దూది తీసేదాకా అరగంట నేను చనిపోయినవాడి కిందే లెక్క.

సాయంత్రం వినుకొండ నుంచి వెంకట్రామయ్య దిగాడు. నాతో ఇరవై నాలుగేళ్ళు డ్రైవరుగా చేసినవాడు. చేతిలో గజం పొడుగు బంతిపూల దండ. నన్ను చూసి, "ఒరేయ్! ఉండావా! మరి ఇంత దండ ఏం జేయాలిరా ఇప్పుడు?" అని తిట్టి, దాన్ని బల్లకే వేసి, నా ఇంట్లోనే భోంచేసి పడుకున్నాడు.

నవ్వుకుందామంటే నవ్వే రావడం లేదు. దండా పడింది, ఏడుపులూ అయ్యాయి, నా పేరు పాతిక ఊళ్ళకు తెలిసింది. ఎవరి కోసం బల్లో ఆమె పేరే అక్కడ లేదు. ఇంకా పదకొండు రోజులే ఉంది. రాకెట్లు వద్దు, రాబోయే కాలం వద్దు. పాత రేకు పెట్టి, ఒక్క బల్ల మీద, అన్నీ సర్ది, నల్లరంగు కొట్టి పంపించు. నేను అలసిపోయానమ్మా.

ఇట్లు,
కీర్తిశేషుడు కాని
చెన్నకేశవరావు

తా.క. మేక కిలోమీటరు రాయి ఖాళీ చేసి నా పేరున్న బల్ల మీదికి మారింది. దండ కూడా తినేసింది.


నరసరావుపేట,
ఆగస్టు 6.

తాతగారూ,

క్షమించండి అని రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది.

ఆమె పేరును వెనక పడేయాలని కాదు. "మ" దగ్గర గుండ్రం సరిగా రాలేదని ఆ బల్ల మూడుసార్లు పగలగొట్టి మూడుసార్లు పోశాను. మిగతావాటికి ఏదో ఒకలా ఫరవాలేదనిపించింది గానీ ఆ పేరుకు అనిపించలేదు. అందుకే అది వెనకబడింది. మూడో బల్లను ఆఖరున పోశాం, అది ఇంకా దాని పక్కనే ఆరుతోంది. ఈలోగా ట్రాక్టరు ఖాళీగా దొరికిందని నాన్న మిగిలిన రెండూ పంపేశారు.

మీరు అడిగినట్టే పాత రేకులు కిరసనాయిలుతో తోమించాను. ఒక్క బల్ల, సన్న అక్షరాలు, అన్నీ ఎక్కాయి. పదకొండో తేదీన అందుతుంది. రెండో బల్ల, మూడో బల్ల కూడా అదే ట్రాక్టరులో వస్తాయి. ఇక్కడ ఉంచితే చూడలేను. పక్కన పడేయండి, లేదా పగలగొట్టి ఇంటి ముందు గుంతల్లో వేసుకోండి.

"దిగంత" తెరవడం మానేశాను. అందరూ ఒకటే మాట అంటున్నారు, చోటు ఎక్కువ తింటుందని. చోటే లేని చోట అంత వెడల్పు అక్షరాలు గీయడం నాదే తెలివితక్కువతనం. ఇక నుంచి రేకులే.

ఇట్లు,
సర్దుకోవడం నేర్చుకుంటున్న
సాయిసాత్విక

తా.క. ఆ రెండు బల్లలూ స్వయంగా ట్రాక్టరు ఎక్కించిన మా నాన్న, నిన్న నన్ను పక్కకు పిలిచి "ఆ పెద్దాయన నిజంగా బాగానే ఉన్నాడంటావా?" అని అడిగారు.


ఎర్రగుంట అడ్డరోడ్డు,
ఆగస్టు 14.

చిరంజీవి సాత్వికకు,

పదకొండున మూడు బల్లలు దిగాయి. ముందు రేకు బల్ల చూశాను. నేను కోరినట్టే ఉంది. ఇరవై ఆరు అక్షరాలూ ఒకదాని మీద ఒకటి పడుతూ, ఊపిరాడకుండా నిలబడి ఉన్నాయి. ఆమె పేరు మధ్యలో ఎక్కడో ఉంది. నాకే వెతుక్కోవలసి వచ్చింది.

తర్వాత దారిలో దెబ్బ తగలకుండా ఆ రెండో బల్ల మీద కప్పిన గడ్డి తీశారు. మంగతాయారు. ఐదే అక్షరాలు, ఆరడుగుల పొడవునా. ఎవరికీ జరగకుండా, ఎవరి కోసమూ ముడుచుకోకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు. నేను ఆ కిలోమీటరు రాయి మీద కూలబడిపోయాను.

నీకు ఒక సంగతి చెప్పలేదు. ఆమె రోడ్డు మీద నిలబడింది అని రాశాను. బస్సెక్కాక ఏం జరిగిందో రాయలేదు. గురజాలలో పుట్టింటికి వెళ్ళినా, పిడుగురాళ్ళలో డాక్టరు దగ్గరికి వెళ్ళినా నా బస్సే ఎక్కేది. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా నేను ఆమెను కూర్చోనివ్వలేదు. కండక్టరు పెళ్ళానికి సీటు పెట్టుకున్నాడని ఎవరైనా అంటారని నా భయం. ఆమె ఎక్కడైనా కూర్చుంటే నేనే పోయి, "లేమ్మా, ఆ పెద్దామెకు చోటివ్వు" అనేవాణ్ణి. ఎవరో పరాయి మనిషికి చెప్పినట్టు. లేచేది. కడ్డీ పట్టుకుని నిలబడేది. మోకాళ్ళు పోయిన తర్వాత కూడా లేచింది. ఒక్కసారి మాత్రం దిగేటప్పుడు నాకే వినపడేలా, "బస్సులో అందరికీ చోటు చేస్తావు. నాకెప్పుడు చేస్తావయ్యా?" అంది. వెనక జనం తోస్తున్నారని నేను రైట్ అని బెల్లు కొట్టేశాను.

పోయిన తర్వాత కూడా ఆమె పేరును జరగమనే నీకు రాశాను చూడు. జరగలేదు నీ అక్షరాలు. నా మాట వినని మంగతాయారును జన్మలో మొదటిసారి చూశాను.

నాలుగు బల్లలూ వరసగా వేయించాను. నిన్న సంవత్సరీకం అయ్యాక అందరం అడ్డరోడ్డుకు వచ్చాం. పన్నెండు మంది కూర్చున్నారు. చీపుర్లు అమ్ముకునే ముసలామె సరిగ్గా మంగతాయారు పేరుకు వీపు ఆనించి కునికిపాట్లు పడింది. ఎప్పుడూ ఇక్కడ ఆగని ఎక్స్‌ప్రెస్సు ఒకటి ఆ అక్షరాలు చూసి ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, "ఏంది పెద్దాయనా, ఇక్కడ కొత్తగా స్టేజీ ఇచ్చారా?" అన్నాడు. నేను అవునన్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చెప్పని అబద్ధం అది.

రేకు బల్ల తిరిగి పంపిస్తున్నాను. ఆ రేకులు మళ్ళీ తుప్పు పట్టనీ. నువ్వు "దిగంత" తెరువు. చోటు తింటే తిననీ అమ్మా. సర్దుకున్నవాళ్ళకు ఎవరూ ఏమీ ఇవ్వరు, నాలాంటివాడు ఇంకొంచెం జరగమంటాడు, అంతే.

ఒక్క పని మిగిలింది. నాలుగో బల్ల మీద నా పేరు చెక్కి తీయించేయి. పలక ఖాళీగా ఉండనీ. ఎవరో ఒకరు కూర్చుంటారు. ఆమెకు కట్టించిన చోట్లో నాకు ఆరడుగులు ఎందుకు?

ఇట్లు,
తన వంతు వచ్చి నిలబడి ఉన్న
చెన్నకేశవరావు

తా.క. వెంకట్రామయ్య తనకూ బల్ల కావాలంటున్నాడు, బతికుండగానే. "పోయినాక నేను చదవలేను గదరా" అంటాడు. ఇంటిపేరు, ఊరు, నడిపిన రూట్లతో కలిపి ఆరు బల్లలు పడతాయి. వద్దని చెప్పే ఓపిక నాకు లేదు, నువ్వు చూసుకో.

ఇంకొక తా.క. నా పేరు ఎక్కడా లేకపోతే శివరామయ్య ఒప్పుకోవడం లేదు. కాబట్టి ఆ పాత రేకుతోనే, చిన్నగా, మంగతాయారు బల్ల కాలు మీద వేయించు. కండక్టరు నిలబడేది వెనక తలుపు దగ్గరే కదా. నా పేరు ముందు "భర్త" అన్న రెండక్షరాలు మాత్రం మర్చిపోకు. ఈసారి చోటుంటుంది.